బోద్రుమ్ రేవులో ముసాఫిర్లు

క్నీదోస్ శిథిలాల ముందు నుండి ఫజ్ర్ నమాజు ముగిసీ ముగియగానే మా పడవ లంగరు ఎత్తింది. మధ్యాహ్నం లోపు బోద్రుమ్ చేరుకోవాలన్నది కెప్తాన్ పట్టుదల. వేసవి మాసాల్లో ఏజియన్ సముద్రం మీద వాయవ్య దిక్కు నుండి వీచే గాలిని ఇక్కడివారు మెల్తెమ్ అంటారు. తెల్లవారుజామున అది నిద్రలో ఉంటుంది. పొద్దెక్కే కొద్దీ బలం పుంజుకుని, జొహర్ వేళకు అలల తలల మీద తెల్లని నురుగు లేపుతుంది. "హవా!" అంటూ కెప్తాన్ ఆకాశం వైపు వేలెత్తి చూపాడు. ఆ మాటకు మాకు దుబాసీ అవసరం కలుగలేదు.

టర్కీ నైరుతి తీరాన మార్మరిస్ పట్టణంలో మొదలైన మా ప్రయాణానికి అది ఐదవ రోజు. మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, బాపట్ల నుండి వచ్చిన పిల్లల నానీమా, దమ్మాములో ఉద్యోగం చేస్తున్న మా తోడల్లుడి కుటుంబం, వెరసి తొమ్మిది మందిమి. మేము ఎక్కిన పడవను గులెట్ అంటారు. వెడల్పైన పొట్ట, గుండ్రని వెనుకభాగం, రెండు తెరచాప కొయ్యలు గల ఈ కొయ్య పడవలు ఒకప్పుడు సముద్రగర్భం నుండి స్పాంజి సేకరించే వారికీ, సరుకు రవాణా చేసేవారికీ ఉపయోగపడిన నావల సంతతి. తెరచాపలు ఉన్నాయన్న మాటే గానీ ప్రయాణం చాలావరకు డీజిల్ ఇంజనుతోనే సాగుతుంది. ఛాయాచిత్రాలు చూసి మరొకటి ఊహించుకున్న మా తోడల్లుడు మొదటి రోజంతా మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

గదుల లెక్కన టికెట్టు కొనే పడవలూ ఉన్నాయి. కానీ రెండు కుటుంబాలూ కలిసి చిన్న గులెట్‌ను పూర్తిగా అద్దెకు తీసుకోవడమే మాకు శ్రేయస్కరమనిపించింది. మద్యం ఉండదు, స్త్రీలు సంకోచం లేకుండా సముద్ర స్నానం చేయవచ్చు, నమాజు వేళకు డెక్కు మీద చాపలు పరచుకోవచ్చు. ఇటువంటి ప్రయాణం తలపెట్టే కుటుంబాలకు ఒక్క మాట చెప్పాలి: బేరం కుదుర్చుకునే ముందే పిల్లల కొలతకు సరిపడే లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయో అడగండి. మాకు మొదట చూపినవన్నీ పెద్దవారివే. ఐదేళ్ళ మా చిన్నవాడు వాటిలో మెడ దాకా మునిగిపోయాడు. సరిపోయే జాకెట్టు తెప్పించిన తర్వాతనే మేము పడవ కదలనిచ్చాము. ఆ సంగతిని నానీమా దారి పొడవునా గుర్తు చేస్తూనే ఉన్నారు.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. మన ఇళ్ళలో వినిపించే మాటలు టర్కీ భాషలో ఎన్ని ఉన్నాయో లెక్క తేల్చాలని ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. దునియా, కితాబు, మైదానం, పరదా, షెకర్, తారీఖు, సాహిల్... ఉచ్చారణ కొద్దిగా మారినా మాట అదే. ఐదవ రోజుకు ఆ జాబితా రెండు పుటలు దాటింది. అందులో ఒక మాట దగ్గర మాత్రం ఆమె ఆగిపోయింది. వంటవాడు నానీమాకు మొట్టమొదటి చాయ్ గ్లాసు అందిస్తూ "మిసాఫిర్" అన్నాడు. ముసాఫిర్ అంటే ప్రయాణికుడు గదా, అందరమూ ప్రయాణికులమే గదా, ఆమెకే ముందు ఎందుకు అని అమ్మాయి సందేహం. కెప్తాన్ నవ్వి వివరించాడు. వారి భాషలో ఆ మాటకు అర్థం అతిథి. అరబ్బీ నుండి బయలుదేరిన ఒకే పదం మన వైపు వచ్చి బాటసారి అయింది, వారి వైపు వెళ్ళి ఇంటికి వచ్చిన చుట్టమైంది. అమ్మాయి రెండర్థాలూ పక్కపక్కన రాసుకుని కింద గీత గీసింది.

రెండు గంటలు గడిచాక ఎడమ చేతి వైపు ఒక పొడవైన నీలికొండ నీటి మీద తేలింది. కోస్ ద్వీపం. అది గ్రీసు దేశానిది. 1523 నుండి 1912 వరకు ఉస్మానీయుల ఏలుబడిలోనూ, తర్వాత ఇటలీ చేతిలోనూ ఉండి, 1947 ఒప్పందంతో గ్రీసుకు దక్కింది. ఉస్మానీ కాలపు మసీదులు అక్కడ నేటికీ ఉన్నాయి. ప్లతాని అనే ఊరిలో టర్కీ భాష మాట్లాడే ముస్లిం కుటుంబాలు నేటికీ నివసిస్తున్నాయి. ఇంత దగ్గరగా కనిపిస్తున్నదానికి వెళ్ళకపోవడమేమిటని చిన్నవాడు మారాం చేశాడు. బోద్రుమ్ ద్వీపకల్పపు పడమటి కొన నుండి కోస్‌కు సుమారు ఐదు కిలోమీటర్ల దూరం మాత్రమే. అయితే మా వీసాలు టర్కీకే పరిమితం. ఆ ఒడ్డున అడుగు పెట్టాలంటే మన దేశపు పాస్‌పోర్టు గలవారికి ఐరోపా వీసా కావాలి. "అక్కడికి వెళ్ళడానికి కాగితం కావాలి నాన్నా" అని చెప్పాము. "నీళ్ళకు కాగితమెందుకు?" అన్నాడు వాడు. మా దగ్గర సమాధానం లేదు.

బోద్రుమ్ దూరం నుండే తనను తాను పరిచయం చేసుకుంటుంది. రెండు అఖాతాల నడుమ సముద్రంలోకి చొచ్చుకువచ్చిన రాతి కొనపై కోట, దాని వెనుక కొండవాలు నిండా సున్నం వేసిన తెల్లని ఇళ్ళు, గోడల మీద కాగితపు పూల తీగలు. ఈ కోటకు ఒక విచిత్ర చరిత్ర ఉంది. క్రీస్తు పూర్వం 353లో మరణించిన మౌసోలస్ అనే పాలకునికి ఇక్కడ నిర్మించిన సమాధి మందిరం ప్రాచీన ప్రపంచపు ఏడు వింతలలో ఒకటి. సమాధి మందిరాన్ని ఇంగ్లీషులో మౌసోలియం అనడం అతని పేరు నుండి వచ్చినదే. భూకంపాలకు అది కూలిపోగా, 15వ శతాబ్దంలో సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ సైనిక వర్గం ఆ రాళ్ళను ఊడదీసి ఈ కోట కట్టుకుంది. 1522లో సుల్తాన్ సులేమాన్ రోడ్స్ ద్వీపాన్ని జయించడంతో వారు ఈ కోటనూ విడిచి వెళ్ళి, కొన్నేళ్ళకు మాల్టాలో స్థిరపడ్డారు. 1565లో మాల్టా ముట్టడిలో మరణించిన నౌకాధిపతి తుర్గుత్ రయీస్ ఈ బోద్రుమ్ పరిసర గ్రామంలో పుట్టినవాడే. తన పుట్టిన నేల విడిచిపోయిన వారితో పోరాడుతూ పరాయి ద్వీపంలో అతడు నేలకొరిగాడు. అతని పేరు పెట్టుకున్న ఊరు ఈ ద్వీపకల్పపు పడమటి అంచున ఉంది.

రేవులో పడవ నిలిపే విధానాన్ని చూసి తీరవలసిందే. లంగరును ముందుగానే నీటిలో జారవిడిచి, పడవను వెనుకకు నడుపుతూ, ఇరువైపులా జానెడు ఖాళీ కూడా మిగలని సందులోకి చొప్పించి, గట్టుకు తాళ్ళు కడతారు. పడవ పక్కన పడవ, కొయ్య పక్కన కొయ్య. ఎడమ పక్క పడవలో ఒక ఇటాలియన్ ముసలి దంపతులు పుచ్చకాయ కోసుకుంటున్నారు. కుడి పక్క పడవలో యువకులు పట్టపగలే పాటలకు చిందులు వేస్తున్నారు. నానీమా తన కుర్చీని మౌనంగా ముసలి దంపతుల వైపు తిప్పుకున్నారు. కాసేపటికి ఆ వృద్ధురాలు పుచ్చకాయ ముక్కల పళ్ళెం చేతికి అందించింది. మా వైపు నుండి బాపట్ల సున్నుండలు వెళ్ళాయి.

చలికాలంలో సుమారు రెండు లక్షల మంది నివసించే బోద్రుమ్ ప్రాంతం జూలై, ఆగస్టులలో దానికి ఎన్నో రెట్లు జనంతో కిటకిటలాడుతుంది. ఎండ మండిపోతున్నంత సేపు వీధులు నిర్మానుష్యం. సాయంత్రం ఆరు దాటాక ఊరు లేచి ముఖం కడుక్కుంటుంది. తోలు చెప్పులు కుట్టేవారు, గాజు పూసల దండలు అమ్మేవారు, గంట మోగించి పిల్లల చేతికి ఐస్‌క్రీము ఇచ్చినట్లే ఇచ్చి లాగేసుకునే దుకాణదారు, తోపుడు బండి మీద నిమ్మకాయలతో పాటు పేర్చిన నల్లని ఆల్చిప్పలు. ఆ ఆల్చిప్పలలో మసాలా అన్నం కూరి అమ్ముతారు. మా తోడల్లుడు ఒకటి తీసుకోబోగా నానీమా అడ్డుపడ్డారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం సముద్ర జీవులలో చేప మాత్రమే ధర్మసమ్మతం. "మరి మన బాపట్ల రొయ్యలు?" అని అల్లుడు మెల్లగా అడిగాడు. "అది చేప కిందకే వస్తుందని మా నాన్నగారు చెప్పారు" అని ఆమె తీర్పు. ఇతర ఫిఖ్హ్‌లలో ఆల్చిప్పలకు అనుమతి ఉందన్న వాదన ఆ రాత్రి పడవ ఎక్కే వరకు నడిచింది. చివరికి అందరమూ కూర్చుని తిన్నది చోకెర్త్మె కబాబ్. సన్నగా తరిగి వేయించిన బంగాళాదుంప పోగుల మీద వెల్లుల్లి కలిపిన పెరుగు, దాని మీద వేయించిన మాంసపు ముక్కలు. ఈ ప్రాంతపు సొంత వంటకం. వివాదం లేనిది.

సూర్యుడు ఎనిమిదిన్నరకు అస్తమిస్తాడు. మన ఊళ్ళో ఇషా నమాజు ముగించుకుని భోజనానికి కూర్చునే వేళకు ఇక్కడ మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. రేవు గట్టు మీదనే ఉన్న 18వ శతాబ్దపు తెపెజిక్ మసీదు చిన్నది; పక్కనే ఫలహారశాలలు, కాస్త దూరంలో తెల్లవారే వరకు మోగే పాటల వీధి. బోద్రుమ్ గురించి విన్నదంతా ఆ వీధి గురించే కాబట్టి, ఇక్కడికి కుటుంబంతో రావడం తగునా అని మేము బయలుదేరే ముందు చాలా తర్జనభర్జన పడ్డాము. వచ్చి చూస్తే ఊరు ఆ వీధి కంటే ఎంతో పెద్దది. బాపట్లలో డెబ్బై ఏళ్ళ జీవితంలో ఏనాడూ మసీదులో నమాజు చేయని నానీమా ఆ రాత్రి తెపెజిక్ మసీదులో స్త్రీలకు కేటాయించిన స్థలంలో ఇషా నమాజు చేశారు. ప్రయాణికులుగా మేము పడవలో నాలుగు రకాతులను రెండుగా కుదించుకుంటున్నాము. స్థానిక ఇమాము వెనుక నిలిచినందున ఆ రాత్రి నాలుగూ పూర్తి చేశాము. బయటకు వచ్చాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "పడమటి వైపు కాకుండా ఇటు తిరగడం కొత్తగా ఉంది బేటా" అని మాత్రం అన్నారు. బోద్రుమ్ నుండి మక్కా ఆగ్నేయ దిశలో ఉంటుంది.

మసీదు మలుపులో ఒక బండి దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. నూనెలో వేయించి పాకంలో ముంచిన పిండి ఉండలు పంచుతున్నారు. లోక్మా అంటారు. మన లుఖ్మా మాటే. వెల ఎంతని అడిగితే అక్కడివారు నొచ్చుకున్నట్లు చూశారు. ఏజియన్ తీరంలో చనిపోయినవారి పేరిట కుటుంబ సభ్యులు ఇలా దారిన పోయేవారికి తీపి పంచుతారు. తిన్నవారు ఆ ఆత్మ కోసం దువా చేయాలి, అంతే. మాకెవరో తెలియని ఒక బోద్రుమ్ వాసి కోసం మేము తొమ్మిది మందిమీ ఆ వీధి దీపం కింద చేతులెత్తాము.

మర్నాడు ఉదయం కోటలోని సముద్రగర్భ పురావస్తు ప్రదర్శనశాలకు వెళ్ళాము. పిల్లలు విసుగు చెందుతారనుకున్న చోటనే అందరికంటే ఎక్కువ సేపు నిలిచిపోయారు. 1982లో ఒక స్పాంజి సేకర్త కంటబడిన ఉలుబురున్ ఓడ మూడు వేల మూడు వందల ఏళ్ళ నాటిది. అందులో సుమారు పది టన్నుల రాగి దిమ్మలు దొరికాయి. మమ్మల్ని ఆకట్టుకున్నది మాత్రం సెర్చె లిమానీ రేవులో మునిగిన మరొక ఓడ. దాదాపు వెయ్యేళ్ళ క్రితం, 1025 ప్రాంతంలో, ఫాతిమీ ఖలీఫాల కాలంలో, మూడు టన్నుల గాజుతో అది ప్రయాణిస్తున్నది. అందులో విరిగిన గాజు పెంకులూ ఉన్నాయి. కరిగించి మళ్ళీ పాత్రలు పోయడానికి తీసుకువెళ్తున్నారు. పరిశోధకులు ఆ పెంకులను ఏళ్ళ తరబడి ఓపికగా జతచేసి ఎన్నో పాత్రలను నిలబెట్టారు. ఓడ ఏ కాలానిదో తేల్చింది ఖలీఫా ముద్రలున్న చిన్న గాజు తూకపు బిళ్ళలు. ఒక వర్తకుడు తూకం తప్పకుండా ఉండేందుకు వెంట తెచ్చుకున్న గాజు బిళ్ళ వెయ్యేళ్ళ తర్వాత అతని కాలానికి సాక్ష్యం చెప్పింది.

బోద్రుమ్‌కు ఈ కళ తెచ్చినవాడు ఒక ఖైదీ అంటే ఆశ్చర్యం కలుగుతుంది. సైనిక పలాయితుల శిక్షల మీద రాసిన వ్యాసానికి గాను జెవాత్ షాకిర్ అనే రచయితను 1925లో ఇక్కడికి బహిష్కరించారు. అప్పుడిది సరైన బాటలు లేని, స్పాంజి మీద బతికే పల్లె. శిక్షా కాలం ముగిశాక అతడు తన ఇష్టంతోనే తిరిగి వచ్చి సుమారు పాతికేళ్ళు ఇక్కడే గడిపాడు; చెట్లు నాటాడు, హాలికర్నాసుస్ జాలరి అన్న కలం పేరుతో కథలు రాశాడు. మిత్రులను పడవలో ఎక్కించుకుని తీరం వెంట తిప్పిన అతని అలవాటే నేటి గులెట్ విహారాలకు మూలం. 1973లో మరణించాక ఇక్కడే ఖననం చేశారు. శిక్షగా పంపిన చోటు అతనికి సొంత ఊరైంది. అలా జరిగే భాగ్యం అందరికీ ఉండదు.

ఆ రెండవ రాత్రి కెప్తాన్ మర్నాటి దారి చెప్పాడు. పడమటి కొనన అక్యార్లార్ అనే ఊరు, అక్కడ మెత్తని ఇసుక, చాలా దూరం వరకు మోకాలి లోతు నీరు, పిల్లలకు అంతకంటే మంచి చోటు లేదు. అక్యార్లార్ పేరు వినగానే మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. 2015 సెప్టెంబరు 2 తెల్లవారుజామున ఆ పరిసరాల నుండే కోస్ వైపు బయలుదేరిన ఒక రబ్బరు పడవ బోల్తా పడింది. సిరియాలోని కొబానీకి చెందిన అలాన్ కుర్దీ అనే పసివాడు, అతని అన్న గాలిబ్, తల్లి రెహానా మరణించారు. తండ్రి ఒక్కడే మిగిలాడు. ఎర్ర చొక్కాతో, బూట్లతో, ఇసుకలో బోర్లా పడి ఉన్న ఆ పసివాని చిత్రం పాఠకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క సంవత్సరమే ఎనిమిది లక్షల మందికి పైగా సముద్ర మార్గాన గ్రీసు చేరారు. ఫెర్రీ టికెట్టుతో అరగంటకు కాస్త అటూ ఇటూగా దాటే నీటికి, కాగితం లేనివారు దొంగ రవాణాదారులకు ఎన్నో రెట్ల సొమ్ము చెల్లించేవారు. కొందరికి దొరికిన లైఫ్ జాకెట్లు కూడా మోసమే. 2016 జనవరిలో ఇజ్మీర్ పోలీసులు నకిలీ జాకెట్లు కుట్టే కార్ఖానాను పట్టుకున్నారు.

కెప్తాన్‌కు మా మౌనం అర్థమైంది. ఆ వేసవిలో ఉదయం పూట ఈ అఖాతాలలో లంగరు వేసినప్పుడల్లా నీటి మీద చెప్పులు, పాలసీసాలు తేలుతూ కనిపించేవని చెప్పాడు. కొన్నిసార్లు సముద్రం నుండి మనుషులను పైకి లాగాడట. అంతకు మించి చెప్పలేదు. "తొలి రోజుల్లో మా ప్రభుత్వం వారిని మిసాఫిర్ అనేది" అని మా అమ్మాయి వైపు చూసి అన్నాడు. అమ్మాయి నోటుపుస్తకం మూసింది.

అక్కడికి వెళ్ళాలా వద్దా? మా తోడల్లుడు వద్దన్నాడు. పిల్లలను తీసుకువెళ్ళి ఆ నీటిలో ఆడించడం ఏమిటని అతని బాధ. అమ్మాయికి అంతా చెప్పక తప్పదని, చిన్నవానికి ఇప్పుడే వద్దని మేము అనుకున్నాము. మాటలు చాలాసేపు సాగాయి. ఒక మూల తస్బీహ్ తిప్పుతున్న నానీమా చివరకు నోరు విప్పారు. "పిల్లల్ని ఆడుకోనివ్వండి. ఆ బిడ్డా ఆడుకునే వయసువాడే."

వెళ్ళాము. ఎండ, ఇసుక, గొడుగుల కింద కుటుంబాలు, మొక్కజొన్న కంకులు అమ్మే పిల్లవాడు, తల్లుల కేకలు. ఏ తీరమైనా ఇలాగే ఉంటుంది. సూర్యలంకలో ఆదివారం కూడా ఇంతే. చిన్నవాడు జాకెట్టు వేసుకుని రెండు గంటలు నీటిలోనే ఉన్నాడు. అమ్మాయి మొదట ఒడ్డున కూర్చుంది. తర్వాత తమ్ముడి పక్కకు వెళ్ళి, వాడు విసుక్కుంటున్నా చేయి వదలకుండా నిలబడింది. నానీమా మడమల లోతు నీటిలో నిలిచి పెదవులు కదుపుతూ ఉన్నారు. ఏమి చదువుతున్నారో మేము అడగలేదు.

ఆ రాత్రి లంగరు అక్కడే. ఎదురుగా కోస్ దీపాలు ఎంత దగ్గరగా వెలిగాయంటే రోడ్డు మీద వెళ్ళే వాహనాల వెలుగు కూడా కనిపించింది. గాలికి పడవ లంగరు చుట్టూ మెల్లగా తిరుగుతూనే ఉంది. ఫజ్ర్ వేళకు చాప పరచుకున్న నానీమా ఎటు తిరగాలో తెలియక ఆగిపోయారు. నిద్ర లేచి వచ్చిన కెప్తాన్ దిక్సూచి చూసి, రెండు చేతులతో చాప అంచు పట్టుకుని ఆగ్నేయానికి సరిచేసి వెళ్ళాడు.

బోద్రుమ్‌కు తిరిగి వస్తుండగా కోస్ వెళ్ళే ఫెర్రీ ఎదురైంది. డెక్కు నిండా టోపీలు, కెమెరాలు. మా చిన్నవాడు కమ్మీ పట్టుకుని చేయి ఊపాడు. ఫెర్రీ మీద నుండి ఎవరో పిల్లవాడు తిరిగి ఊపాడు. రెండు పడవలూ దూరమయ్యే వరకు వాళ్ళిద్దరూ చేతులు ఊపుతూనే ఉన్నారు.